పలకరింపు లేని దుఃఖము

శరీరమునకు జ్వరము వచ్చినచో మనము వైద్యునికి నాడి చూపింతుము, మందు పుచ్చుకొందుము, నాలుగు దినములు పథ్యము చేయుదుము. ఇంటికి వచ్చినవారితో ఒంట్లో బాగుండలేదని చెప్పుకొనుటకు సిగ్గుపడము. కాని మనస్సునకు జ్వరము వచ్చినప్పుడు ఆ మాటను గడప దాటనీయము. నిద్ర రాకపోయినను, అన్నము సయింపకపోయినను, గుండెమీద బండ పెట్టినట్లున్నను, ఎవరైన అడిగినచో "ఏమీ లేదు, బాగానే ఉన్నాము" అని నవ్వి ఊరకుందుము. కరోనా మహమ్మారి కాలమున ఈ అలవాటు మన ప్రాంతమునకు ఎంత చేటు చేసినది? ఆ చేటును ఇప్పుడైనను కొంత సవరించుకొనుటకు మన చేతిలో ఉన్న ఉపాయమేమి? ఈ రెండు ప్రశ్నలను మా విద్యార్థుల ముందును, వారి తల్లిదండ్రుల ముందును ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కరోనాను మహమ్మారిగా ప్రకటించినది. 2023 మే 5న ప్రపంచస్థాయి అత్యవసర పరిస్థితి ముగిసినదని చెప్పినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 14,700కు పైగా ప్రాణములు ఈ వ్యాధికి బలియైనవి. తరువాత మనము మాస్కులు తీసివేసితిమి, అంగళ్ళు తెరచితిమి, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ముందు మునుపటివలెనే జనము కిటకిటలాడుచున్నారు. శరీరముల లెక్క ముగిసినట్లే. మనస్సుల లెక్క మాత్రము మన ఊళ్ళలో ఎవరును వేయలేదు. ఆ సంస్థయే 2022 మార్చిలో ఒక అంచనాను వెలువరించినది. మహమ్మారి వచ్చిన మొదటి సంవత్సరమున ప్రపంచమంతటను ఆందోళన, కుంగుబాటు అను మనోవ్యాధులు 25 శాతము పెరిగినవని దాని సారాంశము. ఆ పెరిగిన పాలులో ప్రొద్దుటూరు వాటా, జమ్మలమడుగు వాటా, పులివెందుల వాటా తప్పక ఉండును. అది ఏ యింట ఉన్నది, ఏ గదిలో ఉన్నది అనునదే మనకు తెలియదు.

ఆ దినములను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. 2020 మార్చి 25 ఉగాది పండుగ. ఆనాడే దేశమంతటను లాక్‌డౌన్ మొదలైనది. ప్రతి ఉగాదికిని మన జిల్లా ముస్లింలు దేవుని కడపకు పోయి, బీబీ నాంచారమ్మను తమ యింటి ఆడబిడ్డగా తలచి, వేంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ సమర్పించి వచ్చుట తరతరముల వాడుక. ఆ యేడు గుడి తలుపులు మూసియుండెను. నెల దాటగనే రంజాను వచ్చినది. మసీదులలో తరావీహ్ లేదు. ఈద్ నమాజును ఇంటి వసారాలో, తండ్రి ఇమాముగా, బిడ్డలు వరుసగా నిలిచి చదువుకొనిరి. పండుగలతోపాటు పనులును ఆగిపోయినవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నేతగాండ్రకు నూలు అందలేదు. నేసిన చీర కొనువాడు లేడు. పులివెందుల రైతునకు అరటి గెలలు చెట్టుననే మాగుచుండగా లారీ దొరకలేదు. మన జిల్లానుండి వేలాదిమంది కువైట్‌లో బ్రతుకుతెరువు చూచుకొనుచున్నారు. వారిలో పని పోయినవారు కొందరు, ఇంటికి రాలేక చిక్కుకొన్నవారు కొందరు. అక్కడనే కన్నుమూసి అక్కడి మట్టిలోనే కలిసినవారికి ఇక్కడి బంధువులు ఫోనులోని బొమ్మను చూచి వీడ్కోలు చెప్పవలసి వచ్చినది.

ఇవన్నియు మనస్సునకు భారములే. కాని మా అభిప్రాయమున వీనిలో ఏ ఒక్కటియు అన్నిటికంటె పెద్ద భారము కాదు. మన ప్రాంతపు జనము కరవును ఎరుగుదురు, అప్పును ఎరుగుదురు, వాన కొఱకు ఆకాశము చూచి చూచి మెడలు నొచ్చినవారు. కష్టమును మోయుట వారికి క్రొత్త కాదు. క్రొత్తది మరియొకటి కలదు. కష్టము వచ్చినప్పుడు ఎదుటివాడు వచ్చి ప్రక్కన కూర్చుండెడి వాడుక ఒక్కసారిగా తెగిపోయినది. దానినే మనవారు "పలకరింపు" అందురు.

మన సీమలో ఒక యింట మరణము సంభవించినచో "పలకరించను పోవుట" ఒక విధి. పనులు మానుకొని, బస్సులెక్కి, పది మైళ్ళు నడిచియైనను పోవుదురు. పోయి చేయునదేమి? విశేషముగా ఏమియు లేదు. చాపమీద కూర్చుందురు. "ఎట్ల జరిగె?" అని అడుగుదురు. ఇంటివారు మొదటినుండి చెప్పుదురు. మరి కొందరు వత్తురు. మరల మొదటినుండి చెప్పుదురు. ఆ విధముగా ఇరువది మారులు, ముప్పది మారులు చెప్పగా చెప్పగా, నమ్మశక్యము కాని సంగతి మెల్లగా నమ్మదగిన సంగతి యగును. ఇరుగుపొరుగువారు అన్నము వండి తెత్తురు. ముస్లింల యిండ్లలో దీనిని తాజియత్ అందురు. మూడు దినములు ఆ యింట పొయ్యి వెలిగింపనీయక బంధువులే భోజనము పంపుదురు. హిందువుల యిండ్లలో పెద్దదినము వరకు రాకపోకలు సాగుచునే యుండును. మత మేదైనను పద్ధతి యొకటే: దుఃఖితుని ఒంటరిగా విడువరాదు. మనస్తత్వశాస్త్రమని పేరు పెట్టకపోయినను మన పెద్దలు ఏర్పరచిన మానసిక వైద్యము ఇది. దీనికి రుసుము లేదు.

మహమ్మారి ఈ వైద్యమును మూసివేసినది. వ్యాధి గాలిలో వ్యాపించునది కావున మూయక తప్పలేదని మేమును ఒప్పుకొందుము. గుంపులు కూడకుండుట వలన ఎన్నియో ప్రాణములు నిలిచినవి. అయితే మనము చేసిన పొరపాటు ఒకటి కలదు. అది ఆ కాలమున వాడిన మాటలోనే దాగియున్నది. అందరును "సామాజిక దూరము" పాటింపుడని అనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020 మార్చిలోనే ఆ మాటను సవరించి, కావలసినది భౌతిక దూరమేగాని మనుష్యుల నడిమి సంబంధములు తెగుట కాదని స్పష్టపరచిరి. ఆ సవరణ మన ఊళ్ళదాక రాలేదు. సామాజిక దూరము అను మాటకు ఈ దేశమున వేరొక పాత అర్థము కలదు. ఎవరిని ముట్టరాదు, ఎవరి చేతి నీరు త్రాగరాదు అను లెక్కలు వేసినవారికి ఆ మాట చక్కగా అమరినది. ఆరడుగుల ఎడమ ఉంచుమని చెప్పగా మనము మాటను కూడ ఆరడుగుల అవతలికి నెట్టితిమి.

ఈ సందర్భమున ఒక చేదు సంగతిని దాటవేయుట న్యాయము కాదు. 2020 ఏప్రిల్‌లో, ఢిల్లీలో జరిగిన ఒక మతసమావేశమునకు పోయివచ్చినవారిలో వ్యాధి బయటపడినప్పుడు, దేశమంతటను ముస్లింలపై అనుమానము కమ్ముకొన్నది. మన జిల్లాలోని పట్టణముల పేర్లును ఆ వార్తలలో వినవచ్చినవి. వ్యాధి సోకినవాడు రోగి; రోగిని నేరస్థునివలె చూచుట ఏ శాస్త్రమును చెప్పలేదు. అదే సంవత్సరము ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము, ఆ సమావేశమునకు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేయుచు, వారిని బలిపశువులను చేసినారని వ్యాఖ్యానించినది. తీర్పు పత్రికలో ఒక దినము వచ్చినది. కాని తోపుడు బండిపై పండ్లమ్ము తండ్రిని పేరడిగి, పండ్లు కొనక వెనుదిరిగిన కొనుగోలుదారుని మా విద్యార్థి యొకడు నేటికిని మరువలేదు. "సార్, మా నాయన ఆ దినము ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు" అని మాత్రమే ఆ పిల్లవాడు మాతో అన్నాడు. ఆ మాట్లాడకపోవుటయే మేము చెప్పు వ్యాధి.

అయితే తప్పు ఒక వైపే ఉన్నదనుటయు న్యాయము కాదు. వ్యాధి సోకిన యింటిని వెలివేసినట్లు చూచుటలో ఏ మతమును వెనుకబడలేదు. నర్సులను అద్దె యిల్లు ఖాళీ చేయుమన్నవారు దేశమున అన్ని కులములలోను ఉండిరి. మనవారిలోను, వ్యాధితో పోయిన బంధువు జనాజాకు రాక తలుపులు బిగించుకొన్నవారు లేకపోలేదు. దీనికి ఎదురుగా 2021లో తిరుపతి ముస్లిం యువకులు కొందరు, సొంతవారే దగ్గరకు రాని శవములను తమ భుజములపై మోసి, హిందువులకు హిందూ పద్ధతిలో దహనసంస్కారములు జరిపించిరి. భయము ఒక్కటే అయినను, ఆ భయమును మోయు తీరు మనుష్యునికి మనుష్యునికి మారుచుండునని ఆ యువకులు చూపించిరి.

మా యింటి సంగతి ఒకటి చెప్పుటకు పాఠకులు మన్నింతురుగాక. ప్రొద్దుటూరులో మా మేనమామ గారు 2021 మే నెలలో ఈ వ్యాధితో గతించిరి. శవము ఇంటికి రాలేదు; ఆసుపత్రినుండి నేరుగా ఖబరస్తానుకు పోయినది. తండ్రికి గుస్లు చేయించు భాగ్యము కుమారులకు దక్కలేదు. జనాజా నమాజులో నిలిచినవారు ఏడుగురు. మేము గోడ అవతల నిలిచి చూచితిమి. మూడవ దినపు జియారతు లేదు. నలుబదవ దినము లేదు. ఎవరును రాలేదు. వ్యాధి తగ్గిన తరువాత రాకపోకలు మొదలైనవి గాని, అత్త గారి యెదుట ఆయన పేరు ఎత్తినచో ఆమె దుఃఖించునని అందరము జాగ్రత్తపడితిమి. వాతావరణము గూర్చి మాట్లాడితిమి. పెండ్లిండ్లు గూర్చి మాట్లాడితిమి. ఆమె సన్నగిల్లిపోవుచుండెను. ఏమని అడిగినచో మోకాళ్ళ నొప్పులని చెప్పెడిది.

ఏడాదిన్నర తరువాత ఒక సాయంకాలము, మాకు తెలియకయే నోరు జారి, మామ గారు చెప్పెడి ఒక పాత హాస్యపు మాటను అంటిమి. వెంటనే నాలుక కరచుకొంటిమి. ఆమె కొంతసేపు మిన్నకుండి ఇట్లనినది: "బేటా, ఏడాదిన్నర అయ్య. ఆయన పేరు ఎవురూ ఎత్తల్యా. ఎత్తితే నేను ఏడుస్తానని అందరికీ బయం. ఎవురూ ఎత్తకపోయేసరికి, ఈ ఇంట్లో ఆయన ఉండినాడా లేదా అని నాకే అనుమానం పుట్టె." తరువాత ఆమె ఏడ్చినది. ఆసుపత్రికి తీసికొనిపోయిన రాత్రినుండి సంగతులన్నియు వరుసగా చెప్పినది. రాత్రి పదిగంటలయినది. ఆనాడు ఆమె అడిగి అన్నము పెట్టించుకొనినది. ఒక్క సాయంకాలముతో ఆమె దుఃఖము తీరినదని మేము చెప్పము. కాని ఏడాదిన్నర మేము చేసినది దయ కాదనియు, పిరికితనమనియు ఆనాడు మాకు తెలిసినది. ఆమె ఏడ్పును చూడలేని మా బలహీనతకు ఆమె క్షేమమని పేరు పెట్టుకొంటిమి.

దుఃఖమును బయటపెట్టుట విశ్వాసమునకు లోపమని తలచువారు మనలో కలరు. సబర్ అనగా నోరు మూసికొనుట అని వారి భావము. ఇది సరికాదు. యాఖూబు ప్రవక్త తన కుమారుడు యూసుఫ్ కొఱకు దుఃఖించి దుఃఖించి చూపు కోల్పోయినాడని పవిత్ర ఖురాన్ చెప్పుచున్నది. అయినను ఆయన సహనమునకే ఆదర్శముగా నిలిచినాడు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీము మరణించినప్పుడు మహాప్రవక్త వారి కన్నులు వర్షించినవి. కన్నీరు కారుణ్యమని వారే చెప్పిరి. హిందూ సోదరుల యితిహాసమును చూచినను ఇదే కనబడును. భారతయుద్ధమున గెలిచిన ధర్మరాజు రాజ్యమేలలేక కుమిలిపోయెను. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఒకరి తరువాత ఒకరు వచ్చి మాట్లాడిరి. చివరకు అంపశయ్యపై నున్న భీష్ముడును మాట్లాడెను. తిక్కన సోమయాజి తెనుగు చేసిన శాంతిపర్వమంతయు ఒక విధముగా ఒక దుఃఖితుని పలకరింపే. గెలిచిన చక్రవర్తికే అంత పలకరింపు కావలసివచ్చినప్పుడు, ఇంటి పెద్దను పోగొట్టుకొన్న మగ్గపు కూలికి అక్కరలేదని ఎట్లు అనగలము?

మరికొందరు పెద్దలు వేరొక ఆక్షేపణ చేయుదురు: "మా తాతల కాలమున ధాత కరవు వచ్చినది, ప్లేగు వచ్చినది, 1918లో విషజ్వరము వచ్చినది. అప్పుడు ఈ ఒత్తిడి, కుంగుబాటు అను మాటలే లేవు. ఈ కాలపువారు సుకుమారులు." మాట లేనంత మాత్రమున వ్యథ లేదనరాదు. 1876-78 నాటి ఆ కరవును మన పల్లెలలో అవ్వలు కథలుగా చెప్పెడివారు. అందరును కలిసి పడిన కష్టము గనుక అందరును కలిసి చెప్పుకొనిరి. కరోనా కష్టమును గూడ అందరము పడితిమి. కాని ఎవరి గదిలో వారు పడితిమి. పెద్దలు మోసిన బరువు తక్కువ కాదు, మోయుటకు భుజములు ఎక్కువగా ఉండెను. అదే భేదము.

ఇంతవరకు పలకరింపును గూర్చి చెప్పితిమి. దానితో సర్వమును నయమగునని మాత్రము మేము వాదింపము. దుఃఖము వేరు, మనోవ్యాధి వేరు. ఈ భేదమును వేయి సంవత్సరముల క్రిందటనే గుర్తించిన పండితుడు కలడు. బల్ఖు పట్టణమునకు చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ, 934లో మరణించినవాడు, శరీరమునకును ఆత్మకును కలుగు రుగ్మతలను ఒకే గ్రంథమున చర్చించెను. కారణము తెలిసిన దుఃఖము ఒకటి, కారణము తెలియక కమ్ముకొను విచారము మరియొకటి అనియు, మొదటిదానికి ఎదుటివారి మంచి మాటయు మన లోపలి ఆలోచనయు మందులనియు, రెండవది శరీరములో పుట్టునది గనుక శరీరమునకు వైద్యము కావలెననియు అతడు వివరించెను. ఇంటిలో మందులను ముందుగా దాచుకొనునట్లు, మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధపరచుకొనుడని అతని హితవు. నేటి వైద్యులు చెప్పునదియు దీనికి దూరము కాదు.

కావున ఈ గుర్తులను ప్రతి యింటివారును తెలిసికొనవలెను. రెండు వారములకు మించి నిద్ర పట్టకపోవుట లేక ఎల్లప్పుడు నిద్రించుట, ఆకలి చచ్చుట, మునుపు ఇష్టపడిన పనులపై ఆసక్తి నశించుట, చిన్న మాటకే కోపము లేక కన్నీరు, గుండె దడ, నేను బ్రతికి ప్రయోజనము లేదను మాట. వీనిలో చివరిది వినబడినచో ఒక్క దినమును ఆలస్యము చేయరాదు. "చనిపోవలెనని అనిపించుచున్నదా?" అని సూటిగా అడుగవలెను. అడిగినంత మాత్రమున లేని ఆలోచన పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. అడుగనందువలననే అనేకులు చేజారుచున్నారు. అట్టివారిని ఒంటరిగా ఉంచరాదు. పురుగుమందు డబ్బాలను అందుబాటులో ఉంచరాదు. వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. ఫోనులో మాట్లాడవలెనన్న 14416 అను సంఖ్య కలదు. టెలిమానస్ అను పేర కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న దీనిని ప్రారంభించినది. రేయింబవళ్ళు పనిచేయును, రుసుము లేదు, తెలుగులోను ఉర్దూలోను మాట్లాడవచ్చును.

వైద్యుడు అనగానే మనవారు "మాకేమైన పిచ్చియా?" అందురు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధితో ఉన్నారనియు, వారిలో అధికులకు చికిత్స అందుటలేదనియు తేలినది. నూటికి పదిమంది అనగా ప్రతి వీధిలోను, ప్రతి తరగతిలోను ఉన్నారన్నమాట. మన పొరుగుననున్న బళ్ళారి జిల్లాలో 1980వ దశకమున అదే సంస్థవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల సిబ్బందికి శిక్షణ నిచ్చి, మనోవ్యాధులకు పల్లెలలోనే చికిత్స చేయవచ్చునని నిరూపించిరి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య పథకమునకు ఆ ప్రయోగమే ఆధారము. ఒకప్పుడు జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆసుపత్రికి చుట్టుప్రక్కల పల్లెలనుండి బండ్లు కట్టుకొని రోగులు వచ్చెడివారు. పాదిరీల ఆసుపత్రి యని హిందువులు గాని, ముస్లింలు గాని సిగ్గుపడలేదు. కన్నునకు, కడుపునకు లేని సిగ్గు మనస్సునకు ఎందులకు?

దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొనువారిని, గుడిలో నిద్ర చేయువారిని మేము ఎగతాళి చేయము. అక్కడ నాలుగు మాటలు వినువారు దొరకుదురు. మనస్సునకు ఊరట కలుగును. తాయెత్తు కట్టుకొన్న చేతితోనే మాత్రను మ్రింగవచ్చును. తాయెత్తు ఉన్నది గనుక మాత్ర వలదనుట మాత్రము ప్రాణములతో ఆడుకొనుట. ఖలీఫా ఉమర్ వారు సిరియాకు ప్రయాణమై పోవుచు, ముందున్న దేశమున తెగులు ప్రబలినదని విని వెనుకకు మరలిరి. దైవనిర్ణయమునుండి తప్పించుకొని పోవుదురా అని అబూ ఉబైదా అడుగగా, ఒక దైవనిర్ణయమునుండి మరియొక దైవనిర్ణయమునకే పోవుచున్నామని బదులు చెప్పిరి. వ్యాధి దైవనిర్ణయమైనచో వైద్యమును దైవనిర్ణయమే.

విద్యార్థులారా, మీ మాట వేరుగా చెప్పవలసియున్నది. మీలో కొందరు ఆ కాలమున పదవ తరగతిలో ఉండిరి, కొందరు అంతకంటె చిన్నవారు. 2020లోను, 2021లోను పదవ తరగతి పరీక్షలు రద్దయినవి. "మీరు పరీక్ష వ్రాయకయే ఉత్తీర్ణులైనవారు" అని మిమ్ము ఎగతాళి చేసినవారు ఉన్నారు. ఇంటికంతటికి ఒక్క ఫోను ఉండగా, అన్న పాఠము వినిన తరువాత చెల్లెలికి దక్కినది. చాల యిండ్లలో చెల్లెలికి దక్కనేలేదు. తండ్రిని పోగొట్టుకొని తల్లికి ధైర్యము చెప్పుచు, తాను ఎన్నడును ఏడ్వని బాలురు మా తరగతులలో ఉన్నారు. తలిదండ్రులిద్దరిని పోగొట్టుకొన్న పిల్లల పేర రాష్ట్ర ప్రభుత్వము 2021లో పది లక్షల రూపాయల డిపాజిట్టును ప్రకటించినది. అది అవసరమైన సాయము, మెచ్చదగిన సాయము. కాని రాత్రివేళ ప్రక్కన కూర్చుండు పని ఏ ప్రభుత్వమును చేయజాలదు. అది మనము చేయవలసినది.

మా సూచనలు మూడు. మొదటిది: ప్రతి మొహల్లాలోను, ప్రతి వీధిలోను 2020, 2021 సంవత్సరములలో మరణము జరిగియు పలకరింపు జరుగని యిండ్లు ఉన్నవి. ఇప్పుడైనను పోవుడు. ఆలస్యమైనదని సంకోచింపకుడు. పోయి గతించినవారి పేరును స్పష్టముగా ఉచ్చరింపుడు. ఎట్ల జరిగెనని అడుగుడు. చెప్పుచున్నప్పుడు అడ్డు తగులకుడు. "ఏడ్వవద్దు, ధైర్యముగా ఉండు" అను మాటను ఇంటివద్దనే విడిచిపోవుడు. ఉత్తమమైన పలకరింపులో పలకరించువాని మాటలు తక్కువ, వినుట ఎక్కువ. జనాజా నమాజు ఫర్జె కిఫాయా యని మనకు తెలియును. ఊరిలో కొందరు చేసినచో అందరి బాధ్యత తీరును, ఎవరును చేయనిచో అందరును దోషులగుదురు. దుఃఖితుని పలకరింపును గూడ మనము అట్టి ఉమ్మడి బాధ్యతగా తలచవలెను.

రెండవది: ప్రతి కళాశాలలోను వారమున కొక గంట, విద్యార్థి తన కష్టమును చెప్పుకొనుటకు ఒక అధ్యాపకుని, ఒక అధ్యాపకురాలిని నియమింపవలెను. చెప్పిన మాట గది దాటరాదు. వైద్యుని అవసరము ఉన్నచో తలిదండ్రులకు నచ్చజెప్పి పంపవలెను. ఇందులకు పెద్ద ఖర్చు లేదు. ఒక గది, రెండు కుర్చీలు, విను ఓపిక చాలును.

మూడవది: మహమ్మారి మరల రాదని ఎవరును హామీ యీయజాలరు. వచ్చిన దినమున ఏమి చేయవలెనో ఇప్పుడే అనుకొనియుండుట మంచిది. మాస్కు ధరింతము, గుంపు కూడకుందము, టీకా వేయించుకొందము. వానితోపాటు మనస్సునకు కావలసిన పథ్యమును పాటింతము. వార్తలను దినమునకు ఒకటి రెండు మారులకు మించి చూడకుందము. నిద్రకు, భోజనమునకు వేళ తప్పనీయకుందము. నమాజు గాని, పూజ గాని, మిద్దెమీద నడక గాని నియమముగా జరుపుకొందము. దినమునకు ఇద్దరికి ఫోను చేసి "ఎట్లున్నారు?" అని అడిగి, "బాగున్నాము" అను మొదటి జవాబుతో తృప్తిపడక రెండవమారు అడుగుదము. ఒక యింట మరణము జరిగినచో గడప వెలుపల నిలిచియైనను, అన్నపు గిన్నె వాకిట పెట్టియైనను, పోయినవారి పేరు చెప్పి మాట్లాడుదము. వ్యాధి శ్వాసతో వ్యాపించును గాని, ఫోనులోని కంఠస్వరముతో వ్యాపింపదు.

మా అత్త గారు ఇప్పుడును మోకాళ్ళ నొప్పులని చెప్పుచునే యున్నారు. అవి నిజముగానే ఉన్నవి. కాని ఇప్పుడు మేము పోయినప్పుడెల్ల మామ గారి మాట ఒకటి రెండైనను వచ్చును. ఆమె ఒకొక్కప్పుడు ఏడ్చును, ఒకొక్కప్పుడు నవ్వును. ఈ పత్రికను చదువుచున్న మీకును అట్టి యిల్లు ఒకటి తెలిసియే యుండును. సెలవులు ముగియకముందే ఒక సాయంకాలము అక్కడికి పోయి రండు.